బసప్ప గారి చివరి బంటు

చదరంగంలో ఓడిపోయినవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. గెలుపును రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక కింద పడేసుకున్న మనిషిని మాత్రం చూసి ఉండరు. చూడాలని ఉంటే జహీరాబాదులో బస్సు దిగి క్లబ్బు ఎక్కడని అడగండి. క్లబ్బు చూపించినవాళ్లే, మీరు అడగకపోయినా, మా ఇల్లు కూడా చూపిస్తారు. "ఆ బంటును చంపినామె గీడనే ఉంటది" అని చెబుతారు. హత్య చేసి జైలుకు పోయి వచ్చినవాళ్లకు కూడా మా ఊళ్లో ఇంత పేరు లేదు.

సంగతి మొదటినుంచీ చెబుతాను. ఎంత వినయంగా చెప్పినా చివరికి నవ్వేది మీరే కాబట్టి వినయం వదిలేసి చెబుతాను.

నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివాను. అక్కడ పొద్దున్నే కాఫీ లేకపోయినా గడిచేది కాని, పేపరు లేకపోతే గడిచేది కాదు. పెళ్లయి జహీరాబాదు వచ్చాను. మా ఆయన బ్లాకు ఆఫీసులో ఉద్యోగం. మా ఊరికి పేపరు హైదరాబాదు బస్సులో వచ్చి, బస్టాండు వెనక ఉన్న క్లబ్బులో దిగేది. ఇంటికి కూడా ఒకటి వేయించండి అంటే, "క్లబ్బుల వస్తది గద, నేను సదివి చెప్త" అన్నారు మా ఆయన.

ఆయన చదివి చెప్పడం ఎలా ఉండేదో వినండి. రాత్రి అన్నం దగ్గర నేను, "పేపర్ల ఏమున్నది?" అంటాను. "ఏమున్నది, ఎప్పటిదే" అంటారు. అంతే. లోకంలో ఆనాడు జరిగినదంతా ఆ రెండు మాటల్లో సర్దుకోవాలి. చైనాతో యుద్ధం మొదలైన సంగతి నాకు పాలు పోసే ఆమె వల్ల తెలిసింది. ఎందుకు చెప్పలేదని మా ఆయన్ని నిలదీస్తే, "అటు దిక్కు జర లొల్లి అయితున్నదని చెప్పిన గదనే" అన్నారు. పక్కింటివాళ్లు గోడ దగ్గర పోట్లాడుకున్నా ఆయన అదే మాట అంటారు.

పోనీ క్లబ్బుకు నేనే వెళ్లి చదువుకుందామంటే, ఆడవాళ్లు రాకూడదని అక్కడ ఎక్కడా రాసి లేదు. రావచ్చని మాత్రం ఎవరికీ తోచలేదు. ఈ బాధ నా ఒక్కదానిదే కాదు. దవాఖానలో నర్సుగా ఉన్న సుగుణక్కకు వారపత్రికలో సీరియల్ ఏమైందో తెలియక తిండి సయించేది కాదు. మా వీధిలో చదువు వచ్చినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. మధ్యాహ్నం మా ఇంట్లో చేరి, లోపల ఏముందో తెలియని పేపరు గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఆ రోజుల్లో మా పెద్దవాడికి ఇంకా ఏడాది నిండలేదు. అప్పుడే పాకుతున్నాడు. పాకేది కాళ్లతో కాదు, నోటితో అనిపించేది నాకు. బియ్యపు రాయి, గుండీ, చీపురుపుల్ల, అత్తమ్మ వక్కపలుకు, వాడికి అన్నీ ఒకటే. అందుకని నేను ఇల్లు ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేదాన్ని. నేల మీద ఆవగింజ కనిపిస్తే నా గుండె ఆగేది. "నువ్వు పోరని పెంచుతలేవు చెల్లె, కాపలా కాస్తున్నవు" అనేది సుగుణక్క.

అట్లాంటి నాకు ఆ ఏడు దసరాకు బుద్ధి పుట్టింది. క్లబ్బులో ప్రతి దసరాకూ పోటీలు పెడతారు. క్లబ్బు కార్యదర్శి వకీల్ సాబ్ ఆ ఏడు ఉదారంగా, సభ్యుల ఇంటివాళ్లు కూడా పాల్గొనవచ్చని ప్రకటించారు. ఆయన ఉద్దేశం చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పోటీ గురించి. నేను చదరంగానికి పేరిచ్చాను. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర ఒక పుస్తకం చూసి నేర్చుకున్న ఆట అది. వకీల్ సాబ్ మా ఆయన్ని పక్కకు పిలిచి, రాయమంటారా అని మళ్లీ మళ్లీ అడిగారట. మా ఆయన, "రాయిండ్రి, మొదటి ఆటనే గద" అన్నారట. భార్య మీద ఆయనకు ఉన్న నమ్మకం అది.

మొదటి ఆటలో పోస్టుమాస్టరు గారిని ఓడించాను. ఆయన మనసంతా డాక్ సంచీ మీద ఉండటం వల్ల అలా జరిగిందని ఊళ్లో అనుకున్నారు. రెండో ఆటలో హైస్కూలు లెక్కల సారును ఓడించాను. ఆయనకు ఆ రోజు కడుపులో బాగా లేదని అనుకున్నారు. ఇక మిగిలింది ఫైనలు. అవతలివైపు బసప్ప గారు.

బసప్ప గారు బెల్లం వ్యాపారి. వాళ్ల పెద్దలది బీదరు వైపు. పెద్ద తలపాగా, దానికి తగిన పొట్ట, ఎవరినీ నొప్పించని మనిషి, చదరంగం బల్ల ముందు తప్ప. క్లబ్బు గోడకు గెలిచినవాళ్ల పేర్ల బోర్డు ఒకటి ఉంది. అందులో చదరంగం కింద బసప్ప గారి పేరు ఒక్కసారి రాసి, ఆ తర్వాత ఏటేటా పై పేరే అన్నట్టు సుద్దతో రెండేసి చిన్న గీతలు పెట్టుకుంటూ వచ్చారు. కొత్త పేరు రాయవలసి వస్తుందని ఎవరూ అనుకోక, రంగు డబ్బా కూడా పారేశారు.

ఫైనలుకు ముందు నేను వకీల్ సాబ్‌ను ఒక మాట అడిగాను. నేను గెలిస్తే కప్పు నాకు వద్దు, వారంలో ఒక సాయంత్రం చదివే గది ఆడవాళ్లకు ఇవ్వండి, పేపరుతో సహా, అన్నాను. ఆయన బోర్డు వైపు, ఆ గీతల వైపు చూశారు. నవ్వి, అందరూ వింటుండగా, "సరే అమ్మా. గెలువుండ్రి, గురువారం మీదే" అన్నారు. పడమటి నుంచి సూర్యుడు వస్తే జీతం పెంచుతానని చెప్పే యజమాని మొహం ఎలా ఉంటుందో, ఆయన మొహం అలా ఉంది.

ఫైనలు రోజున క్లబ్బు వరండా నిండింది. మా వీధి ఆడవాళ్లందరూ వచ్చి ఒక పక్క చాప మీద కూర్చున్నారు. అత్తమ్మ ఒళ్లో బాబు. రాయికోడ్‌లో పుట్టి పెరిగిన మా అత్తమ్మకు చదరంగం అంటే ఏమిటో తెలియదు, కాని కోడలు మగవాళ్లతో పోట్లాటకు పోతున్నదంటే తప్పకుండా చూడాలని వచ్చింది.

బలాలు పేర్చాక వకీల్ సాబ్ అడిగారు. "మన ఆటనా, ఇంగ్లీషు ఆటనా?"

నేను నేర్చుకున్నదీ, ముందటి రెండు ఆటలూ ఆడిందీ ఇంగ్లీషు పుస్తకం ఆట. మా వైపు ఆడేది వేరు. అప్పుడు నోరు మూసుకుని పుస్తకం ఆటే అని ఉంటే ఈ కథ లేదు. కాని బి.ఏ. చదివిన నోరు ఊరుకుంటుందా? "ఏదైనా సరే" అన్నాను.

వకీల్ సాబ్ కోర్టులో చదివినట్టు నిబంధనలు చెప్పడం మొదలుపెట్టారు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడవాలి. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. బంటు అవతలి అంచుకు చేరితే, ఆ గడిలో మొదట ఏ బలం ఉండేదో అదే అవుతుంది. ఇంతవరకు బుద్ధిగా విన్నాను. సరిగ్గా అప్పుడే బాబు బుగ్గ ఒక పక్క ఉబ్బినట్టు కనిపించింది.

మీకు పిల్లలుంటే నేను ఏం చేశానో చెప్పనక్కరలేదు. లేకపోతే చెప్పినా అర్థం కాదు. బల్ల దగ్గరనుంచి ఒక్క దూకు దూకి వాడి నోట్లో వేలు పెట్టాను. బంటు మింగాడో, కారమ్స్ బిళ్ల మింగాడో అని లోపలంతా వెతికాను. దొరికింది వాడి కొత్త పన్ను. అది నన్ను కరిచింది కూడా. అత్తమ్మ, "పన్ను వస్తే బుగ్గ ఉబ్బదా మరి?" అని విసుక్కుంది.

నేను వేలు తుడుచుకుంటూ వచ్చేసరికి వకీల్ సాబ్ నిబంధనలు ముగించి అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అన్ని సమజయినయి కదమ్మా?"

"తెలుసు, తెలుసు" అన్నాను.

ఈ మాటను ఒక్కసారి అన్నా కొంప మునిగేది. నేను రెండుసార్లు అన్నాను.

ఆట మొదలైంది. బసప్ప గారితో ఆడటమంటే ఏమిటో ఆడినవాళ్లకే తెలుసు. ఆయన బలాలతో మాట్లాడతారు. గుర్రాన్ని వేలితో దువ్వి, "నడువు రాజా, నడువు. అమ్మగారు పెద్ద సదువులు సదివిన్రు, జర అదబ్ మర్యాదతోని నడువు" అని బుజ్జగించి, ముందుకు జరిపి, మళ్లీ దాని చెవి దగ్గర ఏదో చెబుతారు. ఒక్క ఎత్తు వేయడానికి ఆయన తీసుకునే సమయంలో నేను ఇంట్లో పప్పు కడిగి, నానబెట్టి, రుబ్బి, వడలు వేసి, తిని, గిన్నెలు కూడా తోమేదాన్ని. నాకు ఓపిక పోయి, "సేఠ్, గుర్రాన్ని దువ్వుడు అయితే నేను ఆడుత" అన్నాను. "గుర్రం మీది గాదు కదమ్మా, మీకెందుకు తొందర" అన్నారు ఆయన.

ఇక చుట్టూ ఉన్నవాళ్లు. మా ఊళ్లో చదరంగం ఆడేది ఇద్దరు, ఆడించేది ఇరవైమంది. ఒకరు ఏనుగు అంటారు, ఒకరు ఒంటె అంటారు, ఒకరు మంత్రిని దాచుకో అంటారు. మాట్లాడవద్దని వకీల్ సాబ్ కోప్పడితే, కళ్లతో చెప్పడం మొదలుపెట్టారు. మా ఆయన నా వెనక నిలబడి, నేను ఏ బలం మీద చెయ్యి పెట్టినా గొంతు సవరించుకునేవారు. అది ఔననటమో, కాదనటమో, జలుబో నాకు తెలిసేది కాదు. నేనేమో ఒక కన్ను బల్ల మీద, ఒక కన్ను బాబు మీద పెట్టాను. వాడు తుమ్మితే నా ఒంటె తప్పుదారి పట్టేది. వాడు తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని బెంగపడి ఇంకో బలం పోగొట్టుకునేదాన్ని.

అయినా సగం ఆటయ్యేసరికి బసప్ప గారి రాజును నా మంత్రితో, గుర్రంతో మూల వైపు తరిమాను. పారిపోవడానికి ఒక్క గడి లేదు. నేను వెనక్కి వాలి, చాప మీద ఉన్న మా వాళ్ల వైపు చూసి, "మాత్" అన్నాను. ఎంత హాయిగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బసప్ప గారు తలపాగా సర్దుకున్నారు. తన రాజును రెండు వేళ్లతో పట్టి, గుర్రంలాగా ఒక్క దూకు దూకించి బయట పెట్టారు. ఆ వయసులో, అంత కిరీటంతో, ఒక రాజు అట్లా గోడ దూకడం నేను ఎన్నడూ చూడలేదు. పుస్తకం ఆటలో రాజులు మర్యాదస్థులు. తర్వాతి రెండు ఎత్తుల్లో నా మంత్రి పోయింది.

"చెప్పిన కదమ్మా" అన్నారు వకీల్ సాబ్.

అప్పుడు సుగుణక్క లేచి వచ్చి, అత్తమ్మ ఒళ్లోంచి బాబును తీసుకుని భుజాన వేసుకుంది. నా చెవి దగ్గర, "పోరడు నాతాన ఉన్నడు. నువ్వు ఇటు చూసినవంటే సూది వేస్త. గురువారం పోతున్నది చెల్లె, జర దిమాక్ పెట్టు" అంది.

నర్సు చేతిలో ఉన్నాడు కదా అని నాకు మొదటిసారి ప్రాణం కుదుటపడింది. అప్పటినుంచీ ఆడాను. పొగుడుకుంటున్నానని అనుకోకండి, కాసేపట్లో తిట్టుకోవడం ఎలాగూ ఉంది. మంత్రి లేకుండానే ఆయన ఒంటెలను రెండింటినీ తీశాను. ఆయన మంత్రిని నా గుర్రం ఇచ్చి తీశాను. ఇంతలో చిరాగ్‌పల్లి నుంచి బెల్లం బండి వచ్చి వాకిట్లో నిలబడింది. బండివాడు సరుకు ఎక్కడ దింపాలని అడిగాడు. బసప్ప గారు అటు తిరిగి, "గా వెనుక కొట్టుల దింపు" అని చేత్తో చూపించబోతే, ఆ చెయ్యి వచ్చి ఏనుగుకు తగిలింది. ముట్టిన బలం కదిలించాలన్నది మన ఆటలోనూ ఉంది, పుస్తకం ఆటలోనూ ఉంది. కదిలించారు. నేను చంపాను. ఆయన బండి వైపు చూసిన చూపుకు ఎద్దులు కూడా తల దించుకున్నాయి.

ఆ తర్వాత రెండు వైపుల బలాలూ ఒకటొకటిగా పెట్టెలోకి పోయాయి. గొంతు సవరింపులు కూడా ఆగాయి. బసప్ప గారికి మూలలో రాజు, బల్లకు ఈ పక్కన ఒక్క బంటు, అంతే మిగిలాయి. నాకు రాజు, ఒక ఏనుగు. నా రాజు ఆయన రాజుకు ఎదురుగా కాళ్లు చాపి దారి మూశాడు. నా ఏనుగును నేరుగా చివరి వరుసకు తోస్తే చాలు, మాత్. దూకడానికి వీలు లేదు, ఆ దూకు ఎప్పుడో అయిపోయింది. అది నాకు కనిపించింది. నా బుద్ధి మందగించి కనిపించలేదని అనుకునేరు. పట్టపగలు లాగా కనిపించింది.

కాని ఏనుగు పక్క గడిలో ఆ బంటు నిలబడి ఉంది.

అంత చిన్నది. అందరూ పోయాక మిగిలింది. బల్ల అంచున పడి ఉంది. దాన్ని చూడగానే నా చెయ్యి చెయ్యి కాకుండా పోయింది. రోజుకు ఎన్నిసార్లో నేల మీద గింజా పుల్లా ఏరిన చెయ్యి కదా. అంత చిన్న వస్తువు అట్లా పడి ఉంటే వదిలి పోవడం దానికి తెలియదు. మాత్ ఎక్కడికి పోతుంది, మూలలో ఉన్న రాజు ఎక్కడికి పోతాడు, ముందు దీన్ని తీసేస్తే తర్వాత నిశ్చింతగా చేసుకోవచ్చు అనుకున్నాను. నడుచుకుంటూ పోయి అవతల ఏ ఏనుగో అయి కూర్చుంటే మళ్లీ అదొక తంటా. ఏనుగును ఎత్తాను.

వెనక మా ఆయన దగ్గడం మొదలుపెట్టారు. అంత దగ్గు ఆయన దగ్గర నేను ఎన్నడూ వినలేదు. పక్కనే బెల్లం బండి ఉంది కదా, ఒక ముక్క అడిగి నోట్లో వేసుకోరాదా అనుకున్నాను. బంటును చంపాను. చంపి, దాన్ని తీసి, బాబుకు అందకుండా పెట్టెలో వేసి మూత కూడా పెట్టాను.

బసప్ప గారు బల్ల మీదికి వంగారు. తర్వాత రెండు చేతులూ జోడించి దానికి దండం పెట్టారు.

"ఆయ్తు" అన్నారు. అయిపోయిందని కన్నడంలో. "బుర్జీ."

"బుర్జీ ఏంది?"

"ఒంటి రాజు మిగిలితే బుర్జీ అమ్మా. ఆట బరాబర్. మీరు గెలువలే, నేను ఓడలే. సగం సగం."

"నేను ఇంకొక్క ఎత్తుల మాత్ చేస్త."

"ఎవల్ని చేస్తరు? ఫౌజు లేదు, నౌకరు లేడు, ఒక్కడు ఉన్నడు పాపం. ఒక్క బంటునన్న ఉంచి మాత్ చేస్తేనే ఇజ్జత్. గది మన ఆట."

నేను వకీల్ సాబ్ వైపు తిరిగాను. ఆయన జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, "నాలుగో షరతు గదే కదమ్మా. చెప్పిన. మీరు తెలుసు తెలుసు అన్నరు" అన్నారు. అప్పుడు నా చెయ్యి బాబు నోట్ల ఉండె అని చెప్పాను. అంత నిజమైన మాట చెప్పినా వరండా మొత్తం నవ్వింది.

మా ఆయన వైపు తిరిగాను. "మీకు ఎర్కనా ఈ సంగతి?"

"ఎర్కనే."

"మరి చెప్పలేదేం?"

"దగ్గిన గదనే" అన్నారు.

అత్తమ్మకు మాత్రం లెక్క తేలలేదు. గెలిచినవా, ఓడినవా అని అడిగింది. సగం అన్నాను. "సగం గెలుసుడేందే? సగం ఉడికిన బువ్వ లెక్క, తినరాదు, పారెయ్యరాదు" అంది. ఆ రోజు ఆటను గురించి ఊళ్లో ఎవరూ ఇంతకంటే బాగా చెప్పలేదు.

చాప మీద ఉన్నవాళ్లు చీరలు దులుపుకుని లేస్తున్నారు. అప్పుడు సుగుణక్క బాబును భుజం మార్చుకుని బల్ల దగ్గరికి వచ్చింది. గెలిస్తే ఇస్తనన్నరు, సగం గెలిచింది, సగం ఇయ్యిండ్రి అంది. సగం గురించి మాటే రాలేదని వకీల్ సాబ్ వాదించారు. ఇవ్వనని కూడా మాట రాలేదని సుగుణక్క వాదించింది. కోర్టులో ఎట్లా ఉండేవారో కాని, చీటికి మాటికి దవాఖానకు పోయే మనిషి నర్సుతో ఎంతసేపు వాదిస్తాడు? చివరికి బసప్ప గారే, "ఇయ్యిండ్రి సాబ్. నాకు సుత బోర్డు మీద ఈసారి ఒకటే గీత పెట్టిండ్రి" అన్నారు.

కమిటీ కూర్చుంది. చదివే గది ఇవ్వరు, వెనక వరండా ఇస్తారు. గురువారం సాయంత్రం. పేపరు సంగతి వచ్చేసరికి, మగవాళ్లు సాయంత్రమంతా పేపరు లేకుండా ఎట్లా ఉంటారన్న ప్రశ్న వచ్చింది. వకీల్ సాబ్ న్యాయం చెప్పారు. పేపరును విప్పి, పై కాగితం తీసి మగవాళ్లకు పెట్టారు. లోపలి కాగితం మాకు ఇచ్చారు. సగం అంటే సగమే.

ఆ గురువారాలు ఎట్లా గడిచాయో పగవాళ్లకు కూడా చెప్పలేను. మాకు వచ్చేది అంతా మొదటి పేజీ తరువాయి. ఒక మంత్రి గారు కన్నీళ్లు పెట్టుకునేవారు, ఎందుకో తెలియదు. అందరూ క్షేమంగా బయటపడేవారు, దేంట్లోంచో తెలియదు. ఒక తీర్పును ప్రజలు హర్షించారు, ఎవరికి శిక్ష పడిందో మాకు అంతుపట్టలేదు. మొదలు లేని లోకంలో బతికాం. వచ్చిన ఆడవాళ్లంతా చదవడం ఆపి నా వైపు చూసేవారు. ఒక్క బంటు, ఒక్క బంటు అని వాళ్ల కళ్లు అంటున్నట్టే ఉండేది.

ఇంతలో ఊరికి కొత్త తహసీల్దారు గారు బదిలీ మీద వచ్చారు. ఆయన భార్యది కోస్తా వైపు. గలగలా మాట్లాడే మనిషి. ఒక గురువారం ఆవిడ కూడా మా వరండాకు వచ్చి, కుర్చీ వేయించుకుని, లోపలి కాగితం అందుకుని, అందరికీ వినిపించేలా చదవసాగారు.

అందులో ఒకచోట, చివరి పేజీ తరువాయి అని ఉంది. ఇంత చక్కగా ఆడిన ఆ ఆటగత్తె నిబంధన తెలియక, చేతికి వచ్చిన గెలుపును వదిలి, ఎదుటివారి ఒక్కగానొక్క బంటును చంపి ఆటను సగం చేసుకున్నారని రాసి ఉంది. ఊరి వార్తలు పేపరుకు పంపేది వకీల్ సాబే. ఆయన పంపిన వార్త ఎవరి బల్ల మీద నానిందో, ఇన్నాళ్లకు అచ్చయింది.

"ఎవరండీ ఈవిడ?" అన్నారు తహసీల్దారు గారి భార్య. "గెలిచే ఆటలో ఆ బంటుతో ఏం పనండీ ఆవిడకి? కాస్తయినా ఆలోచన ఉండక్కర్లా?"

చాప మీద ఉన్నవాళ్లంతా చాప పుల్లలు సరిచేయడంలో పడ్డారు. సుగుణక్క పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నది. నా పేరూ, నా బి.ఏ., నేను పోస్టుమాస్టరును ఓడించడమూ, అన్నీ పై కాగితంలో ముందు గదిలో ఉన్నాయి. సగం పేపరు ఇచ్చిన వకీల్ సాబ్‌కు మొదటిసారి మనసులో దండం పెట్టుకున్నాను.

"ఏమోనండి" అన్నాను. "పేరు పై కాగితంల ఉన్నట్టుంది. అది మనకు రాదు."

"మనకి రాకపోవడమేమిటండీ?" అన్నారు ఆవిడ. కుర్చీలోంచి లేవను కూడా లేదు. ముందు గది వైపు తిరిగి, "వకీలు గారూ, ఆ పై కాగితం కాస్త ఇలా ఇప్పించండి" అన్నారు.

వకీల్ సాబ్ పరుగెత్తుకుంటూ వచ్చారు. కాగితాన్ని రెండు చేతులతో అందించి, ఇక మీదట గురువారం పేపరు మొత్తం ఆడవాళ్లదేనని, మొదటినుంచీ తన అభిప్రాయం అదేనని చెప్పి వెళ్లారు. దేనికోసం నేను పోస్టుమాస్టరును, లెక్కల సారును, బసప్ప గారి ఒంటెలను రెండింటినీ హతమార్చానో, అది ఆవిడ కూర్చున్నచోటినుంచే సంపాదించారు. సంపాదించి, కళ్లజోడు సర్దుకుని, నా పేరు చదివారు. పక్కన బి.ఏ. కూడా చదివారు.

"ఎక్కడుంటారండీ ఈవిడ?"

ముందు గదిలోంచి బసప్ప గారి గొంతు వినిపించింది. "మీ పక్కకే కూసున్నది తల్లి."

కనుక, పాఠకులందరినీ సాక్షులుగా పెట్టుకుని, పిల్లలిద్దరూ నిద్రపోతున్న ఈ వేళ, బి.ఏ. పట్టా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎదుటివారి చివరి బంటు జోలికి పోను. అది నా ఇంటి మీదికి వచ్చినా పోను. దానికి ఎండ తగిలితే గొడుగు పడతాను. దాహమైతే మజ్జిగ ఇస్తాను. నడవలేకపోతే ఎత్తుకుని అవతలి అంచు దాకా దింపి వస్తాను. దాని యోగక్షేమాలు అన్నీ కనుక్కుని, ఆ తర్వాతే రాజు సంగతి చూస్తాను.